రాట్నం ఎక్కితే వావి నేలమీదే

నౌపడ,
12-2-1968

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా: నౌపడ ఉప్పుకొఠారు మేస్త్రీ, ఐదో తరగతిని రెండేళ్ళపాటు కూలంకషంగా చదివినవాడు, జగన్నాధం అనబడే నేను, ఈ రోజు లగాయతు నా యింట కాకరకాయ వండరాదనీ, వండినా నా కంచంలో వెయ్యరాదనీ, వేసినా "మందనుకుని మింగు" అనే మాట అనరాదనీ శాసించడమైనది.

ఈ శాసనాన్ని వంటింటి గుమ్మంలో నిలబడి మీ అప్పకి చదివి వినిపించాను. సాంతం వింది. విని, "ఆ కాగితం ఇలాగియ్యి, పొయ్యి రాజుకోవటం లేదు" అంది. ఇవాళ మధ్యాహ్నం కాకరకాయ పులుసు.

ఇక నీ విషయానికొస్తాను, చిరంజీవి బావమరిదీ. నీ కార్డు అందింది. చిన్న కార్డులో అంత ఏడుపు ఎలా పట్టించావురా? కొయ్యవలస అమ్మవారి తీర్థంలో కిందటేడు జనం నీ తొట్ల రాట్నం కోసం ఎండలో నిలబడి నిలబడి, ఎక్కకుండానే ఇళ్ళకు పోయారన్నావు. ఈ యేడు కూడా వరస అలాగే పేరుకుపోతే, ఆ జాగా గుర్రాల రాట్నం వాడికి ఇచ్చేస్తామని ప్రెసిడెంటు జోగినాయుడు గారు అన్నారన్నావు. కొయ్యవలస పోతే మిగతా తీర్థాలవాళ్ళూ నిన్ను రానివ్వరు, మా మావ తన చేత్తో చెక్కి నిలబెట్టిన రాట్నాన్ని విప్పి అటకెక్కించి నువ్వు జూటుమిల్లులో చేరిపోవాలి అని రాశావు. మిల్లులో నీ మొహం చూసి యంత్రాలు ఆగిపోతాయి. కాబట్టి రాట్నాన్నే కాపాడదాం.

వరసల సంగతి నన్నడుగు. ఇక్కడ కాటా దగ్గర ఉప్పు బండ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడతాయి. ఒక్కడూ నోరెత్తడు. ఎందుకు? నేను ఆ చివర్నించి ఈ చివరి దాకా తిరుగుతూ ఒకడి గుట్టు ఇంకొకడికి చెబుతూ ఉంటాను. నిలబడినందుకు మనిషికి కోపం రాదు. ఊరికే నిలబడినందుకు వస్తుంది. నువ్వు నీ వరసలో సోదె చెప్పే మనిషిని ఒకామెను దింపు. జనం నవ్వుతూ నిలబడతారు.

కూర్మమ్మని అడిగానని చెప్పు. పెళ్ళాన్ని టిక్కెట్ల దగ్గర కూర్చోబెట్టి పెత్తనం నువ్వు చేస్తున్నావట, విన్నాను.

ఇట్లు,
బుద్ధిలో నీకంటే రెండు కుంచాలు ఎక్కువైన బావ,
జగన్నాధం

*

రాజాం,
28-2-1968

పూజ్యులైన బావకి గంగులు నమస్కరించి రాయునది. మేమంతా క్షేమం. నువ్వూ అప్పా క్షేమమని తలుస్తాను. నీ సలహా మాత్రం క్షేమంగా లేదు.

శివరాత్రి తీర్థానికి ఇక్కడే రాట్నం వేశాం. నువ్వు చెప్పినట్టే లక్ష్మణమ్మ అనే సోదె మనిషిని మాట్లాడి వరసలోకి దింపాను. మొదట బాగానే ఉంది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చేతులు చాచారు. నేను కేకేసి, "మీ వంతొచ్చిందమ్మా, రండి, ఎక్కండి" అంటే ఒక్కరూ కదల్లేదు.

"ఉండెహె. నా కొడుక్కి పెళ్ళెప్పుడో సెప్తోంది. మద్దెలో వొగ్గీసి నీ రాట్నం ఎక్కాలా?" అని ఒక ముసలమ్మ కసిరింది.

వెనకవాళ్ళు ముందుకి రాబోతే ముందువాళ్ళు తోశారు. తొట్లు ఖాళీగా వేలాడుతున్నాయి, వరస చూస్తే రథానికి ఉన్నంత ఉంది. అంతటితో పోతే సరే. ఒకామె చెయ్యి చూసి లక్ష్మణమ్మ, "నీకు ఎత్తునుంచి గండం ఉన్నాది తల్లీ" అంది. వరసలో సగం మంది అలాగే వెనక్కి తిరిగి ఖర్జూరం కొట్టు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పక్కనే గుర్రాల రాట్నం. అది నేలబారుగా తిరుగుతుంది గదా, దానికి ఏ గండమూ లేదు. వాడు నాకేసి చూసి నవ్వాడు బావా.

కొయ్యవలస తీర్థం ఉగాది వెళ్ళగానే. ఆలోచించు.

నీ బావమరిది,
గంగులు

*

నౌపడ,
4-3-1968

చిరంజీవి గండాల గంగులుకి బావ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం కాటా దగ్గర పైకి చదివాను. బండివాళ్ళు నవ్వి నవ్వి ఒకడు ఉప్పుబస్తా మీదనుంచి జారి పడ్డాడు. నాకు ఎత్తునుంచి గండం ఉందని లక్ష్మణమ్మ చెప్పలేదే అని వాడి బాధ.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి లెక్క చూద్దాం. రాట్నానికి ఎనిమిది తొట్లు. తొట్టికి నలుగురు. అంటే ఒక్క తిప్పుకి ముప్పై ఇద్దరు. ఒక తిప్పు ఒక చుట్ట కాలినంతసేపు. మా మావ బతికున్న రోజుల్లో ఈ రాట్నమే, ఈ తొట్లే, తీర్థం మొత్తాన్ని సాయంత్రానికి ఎక్కించి దింపేసేది. అప్పుడు ఊరూరా మగాళ్ళూ పిల్లలే ఎక్కేవారనుకో. అయినా నీ దగ్గర వరస ఎందుకు కరగదు?

నాకు కారణం తెలిసింది. రాజాం నుంచి వచ్చిన బండి మనిషి చెప్పాడు. కూర్మమ్మ టిక్కెట్టు ఇచ్చే ముందు ప్రతివాళ్ళనీ ఆపి "నువ్వు ఆయనకేటవుతావు? ఆయన నీకేటవుతాడు?" అని వంశవృక్షం అడుగుతోందట. ఒరే, మీ ఆవిడ రాట్నం దగ్గర పెళ్ళి సంబంధాలు కుదురుస్తోంది! ఆ వ్యాపారం మంచిదే గాని, ఎండలో ఎందుకు? ముందు ఆవిడ నోటికి తాళం వెయ్యి. వరస దానంతటదే కదుల్తుంది.

ఇట్లు,
రోగం కనిపెట్టిన వైద్యుడు,
జగన్నాధం

*

పాతపట్నం,
10-3-1968

బావకి గంగులు రాయునది.

నీ ఉత్తరం కూర్మమ్మకి చదివి వినిపించి తప్పుచేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఇలా రాయమంది, రాస్తున్నాను: "మా వొదినని మీలాటోడికి ఇచ్చిన సంబంధం ఎవుడు కుదిర్సినాడో గాని, నాను మాత్రం కాదు."

బావా, ఆవిడ అలా అడక్కపోతే రాట్నం తిరగదు. ఆ సంగతి నీకు ఇన్నాళ్ళూ రాయలేదు, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా రాట్నం ఎక్కుతున్నారు. వచ్చిన చిక్కంతా అక్కడే. ఎప్పుడొచ్చినా కుటుంబం కుటుంబం కలిసి వస్తారు. నిరుడు కొయ్యవలసలో నేను ఒకాయన్ని కింది తొట్లో కూర్చోబెట్టి, రాట్నం కొంచెం తిప్పి, పై తొట్లో ఒక పిల్లని ఎక్కించబోయాను. ఆ పిల్ల గోలెత్తింది.

"ఓలమ్మా! మా మావ కింద కూకుంటే నన్ను ఆయన నెత్తిమీదకి ఎత్తీస్తావేటి? ఇంటికెల్లి నానెలాగ బతకాల?"

ఆ మావ కింద నుంచి లేచాడు. "కోడలి కాళ్ళు నా తలమీదకొస్తే ఊళ్ళో నా మొకం ఎవుడు సూస్తాడ్రా?"

"రాట్నం బాబూ, పైనున్నోలు కిందకొస్తారు, కిందున్నోలు పైకెల్తారు" అన్నాను.

"కిందకొచ్చినప్పుడు సరే. పైకెల్లినప్పుడు సంగతేటి?" అన్నాడు.

అప్పట్నించి మావల్ని ఒక తిప్పు, కోడళ్ళని ఒక తిప్పు తిప్పుతున్నాను. ఊరన్నాక ప్రతి మగాడూ ఎవరో ఒకరికి మావ. అల్లుడు పైన, అత్త కింద కూడా కుదరదు. ఇలా ఏరి ఏరి ఎక్కించేసరికి ముప్పై ఇద్దరు కూర్చోవలసిన చోట పదిమంది తేలతారు. ఇంకొకటి. మావ రాట్నం ఎక్కకుండా కింద వరసలో నిలబడినా, పైనున్న కోడలి కాళ్ళ కిందే గదా ఉన్నాడు! అందుకని కోడళ్ళ తిప్పు వచ్చినప్పుడల్లా మావలందర్నీ వరసలోంచి తీసి డేరా వెనక్కి పంపాలి. తిరిగొచ్చేసరికి వాళ్ళ చోటు పోతుంది. దెబ్బలాట.

గుర్రాల రాట్నం మీద అందరూ ఒకే ఎత్తు. వాడికి ఈ గొడవ లేదు. కొయ్యవలసలో ఈసారి కూడా ఇలాగే జరిగితే మా నాన్న రాట్నం అక్కడితో సరి. నవ్వకుండా జవాబు రాయి.

గంగులు

*

నౌపడ,
17-3-1968

చిరంజీవి గంగులుకి, ముఖ్యంగా మా చెల్లెమ్మ కూర్మమ్మకి, జగన్నాధం చెంపలు వేసుకుని రాయునది.

అమ్మా, నీ నోటికి వెయ్యమన్న తాళం నా నోటికి వేసుకున్నాను. మీ వొదిన తాళంచెవి తన కొంగున కట్టుకుంది.

గంగులూ, నేను నవ్వలేదు. నిజం. నీ ఉత్తరం చదివి చిన్న రైలెక్కి నేరుగా పర్లాకిమిడి వెళ్ళాను. అక్కడ రథశర్మ గారని ఒక ఒడియా పండితుడున్నాడు. చాలా పెద్దవాడు. ఎడమ చెవి వినపడదు. ధర్మసందేహం వస్తే ఆ చుట్టుపక్కల జనమంతా ఆయన దగ్గరికే పోతారు. ఒక గంపెడు ఉప్పు కానుకగా పెట్టి, కుడి చెవి వైపు పీట మీద కూర్చుని నీ గోడంతా చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత లేచి, సుద్దతో నేల మీద ఒక చక్రం గీసి, "ఇందులో పై ఎక్కడ?" అన్నాడు. చూపించాను. ఆ పీటని, దాని మీద కూర్చున్న నన్ను, అటు తిప్పి కూర్చోబెట్టి "ఇప్పుడెక్కడ?" అన్నాడు. నా వేలు ఇంకో చోటికి పోయింది.

ఆయన తీర్పు ఇది. తప్పు లేకుండా రాసుకో. తిరిగే చక్రానికి పైనా లేదు, కిందా లేదు. నేల విడిచి చక్రం ఎక్కినవాళ్ళంతా మళ్ళీ నేల మీద కాలు మోపేదాకా ఒక్క తల్లి పిల్లలు. మావ మావ కాదు, కోడలు కోడలు కాదు. వావి ఎక్కడికీ పోదు, నేలమీదే కూర్చుని వాళ్ళ కోసం చూస్తూ ఉంటుంది. దానికి కాపలాగా ఎక్కబోయే ప్రతివాళ్ళూ రాట్నం స్తంభం మొదట్లో ఒక ఉప్పుగల్లు విడవాలి. దిగాక ఎవరి వావి వాళ్ళది.

ఉప్పు మన నౌపడదైతే శ్రేష్ఠమన్నాడు. చిన్న రైలుకి ఒక బస్తా వేస్తున్నాను. దీన్ని కొయ్యవలసలో డప్పు వేయించి చాటించు.

ఇట్లు,
ధర్మసూక్ష్మం మోసుకొచ్చి నడుం నొప్పి పుట్టిన,
జగన్నాధం

*

కొయ్యవలస,
2-4-1968

దేవుడిలాంటి బావకి గంగులు సాష్టాంగపడి రాయునది.

నిన్న తీర్థం మొదలైంది. చిన్న రైల్లో ఉప్పు బస్తా దిగింది. చాటింపు వేయించాను. అసిరయ్య డప్పు కొట్టి పండితుడి తీర్పు మూడుసార్లు చెప్పాడు. ముందు కుర్రకారు ఎక్కారు. తర్వాత ధైర్యం చేసి రెండు మూడు కుటుంబాలు కలిసి ఎక్కాయి. కూర్మమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. "ఉప్పుగల్లు ఏసినారా? అయితే ఎక్కండి" అంతే. తొట్లు నిండుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

కాని బావా, ఒక ఇబ్బంది. నువ్వు ఉప్పుగల్లు అన్నావు, వీళ్ళు పిడికిళ్ళతో వేశారు. వావి పెద్దది గదా, గల్లు చాలదని వాళ్ళ భయం. మధ్యాహ్నానికి రాట్నం మొదట్లో గుట్ట అయింది. ఎక్కణ్ణించి వాసన పట్టాయో, తీర్థానికి వచ్చిన బండ్ల ఎద్దులూ ఊళ్ళో ఆవులూ అన్నీ వచ్చి నాకడం మొదలెట్టాయి. వరసలో మనుషుల కంటే పశువులు ఎక్కువైపోయాయి. తోలితే పోవు.

ఇంతలో ఒకడు రాట్నం దిగి, "మా అత్తకాడ నానిడిసిన వావి ఆవు నాకీసింది. ఇంక నాకు అత్తా లేదు, ఆవిడింటికి ఎల్లక్కర్నేదు" అని ఎగిరి గంతేశాడు. ఆ అత్త పక్క తొట్లోనే ఉంది. "నాకీసింది నీ వావే, నాది అలాగే ఉన్నాది, ఇంటికి రా సెప్తాను" అంది.

పరవాలేదు, నవ్వులతో పోయింది. అసలు చిక్కు ఏమిటంటే, పెద్ద కుటుంబాలవాళ్ళు ఇంకా దూరంగా నిలబడి చూస్తున్నారు. "పెసిడెంటు గారు ఎక్కితే మేమూ ఎక్కుతాం" అంటున్నారు. జోగినాయుడు గారు కుర్చీ వేయించుకుని, మీసం మీద చెయ్యి వేసుకుని, పొద్దున్నించి మా వరసనే చూస్తున్నారు. ఏం చెయ్యాలి?

గంగులు

*

నౌపడ,
4-4-1968

గంగులూ,

తొందరలో రాస్తున్నాను, రైలు కూత వేసేసింది. ఉప్పు నేల మీద వద్దు, కుండలో వేయించి ఆ కుండని ఉట్టి మీద పెట్టు. ఆవుకి అందదు, వావికి అందుతుంది.

నాయుడు గారి సంగతి. పండితుడు ఇంకో మాట చెప్పాడు, నేను రాయడం మరిచిపోయాను. ఊరి పెద్ద సకుటుంబంగా ఎక్కితే ఊరందరికీ దోషం పోతుందట. వెళ్ళి దండం పెట్టి అడుగు. నాయుళ్ళకి దండం పెడితే సగం పని అయినట్టే.

మరిచిపోయినవి ఇంకా ఉన్నాయేమో గుర్తు చేసుకుంటున్నాను.

జగన్నాధం

*

కొయ్యవలస,
6-4-1968

బావా,

ఉత్తరం అందిన వెంటనే చిన్న రైలెక్కి రా. లేకపోతే పండితుడి ఇంటి గుర్తులైనా రాయి. జరిగింది చెబుతాను.

నిన్న దండం పెట్టి అడిగాను. నాయుడు గారు మొదట ఉరిమి చూశారు. ఊరంతా చూస్తోందని లేచారు. ఉట్టి మీద కుండలో ఉప్పుగల్లు వేసి, చెప్పులు విడిచి, తొట్లో కూర్చున్నారు. ఆయన పక్కన ఆయన భార్య. ఎదురుగా కొడుకు. నాలుగో చోటు ఖాళీ. కూర్మమ్మకి ఖాళీ కనిపిస్తే ప్రాణం ఊరుకోదు. పక్కన ముసుగు వేసుకుని నిలబడ్డ పిల్ల రెక్క పట్టుకుని "ఎక్కమ్మా, చోటుంది గదా" అని లోపలికి తోసి కడ్డీ వేసేసింది. ఆ పిల్ల నాయుడు గారి కోడలు అమ్మడు.

రాట్నం కదిలింది. మొదటి చుట్టులో ఆ పిల్ల తల వంచుకునే ఉంది. రెండో చుట్టులో తొట్టి మా ముందుకి దిగేసరికి ముసుగు జారిపోయి ఉంది.

"మావా, ఇప్పుడు మనం ఒక్క తల్లి పిల్లలమంట గదా. అయితే ఒక మాట సెప్తాను" అంది. తొట్టి పైకి వెళ్ళిపోయింది.

పైన ఏం అందో మాకు వినపడదు. వరసలో జనమంతా మెడలెత్తి చూస్తున్నారు. మళ్ళీ దిగింది.

"మీరు రచ్చకాడ కబుర్లాడి ఆడి, పొద్దు వాలినాక గాని కూటికి రారు."

పైకి పోయింది. వరసలో గుసగుస. మళ్ళీ దిగింది.

"మీరు తినాల. మీ అబ్బాయి తినాల. అత్త తినాల. అప్పుడు గాని నాను తినకూడదు."

మళ్ళీ పైకి. నేను రాట్నం ఆపమని సైగ చేశాను. తిప్పే పోతురాజు ఆపలేదు, వాడూ వింటున్నాడు. "దించకండ్రా, పిల్ల మాట అవనీండి" అని వెనక నుంచి ఎవరో ముసలమ్మ. పొద్దున్నించి నిలబడి తిట్టుకుంటున్న మనుషులు బావా, ఒక్కరికీ తొందర లేదు.

తొట్టి దిగింది. "ఆకలేస్తాది మావా. ఈ ఇంటికొచ్చిన కాడ్నించి రోజూ ఆకలేస్తాది. అన్నం ఉంటాది, నాను సూస్తా ఉంటాను."

ఇంకో రెండు చుట్లకి తిప్పు అయిపోయింది. రాట్నం ఆగింది. కాలు నేల మీద పెట్టగానే ఆ పిల్ల ముసుగు వేసుకుని, మావకి దూరంగా జరిగి, తల వంచుకుని నిలబడింది. నాయుడు గారు చెప్పులు తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఆ తీర్పు సెప్పినోడు ఎక్కడుంటాడు?"

"పర్లాకిమిడి బాబూ. రథశర్మ గారు. మా బావ చూసొచ్చాడు."

"నాను ఎల్తాను. ఉన్నాడా సరే. లేడా, నీ రాట్నం నీ సేతే ఇప్పిస్తాను. మల్లీ ఈ సుట్టుపక్కల ఎక్కడా నిలబెట్టనివ్వను."

రేపు చిన్న రైలుకి వెళతారు. కూర్మమ్మ తొట్లో ఆ పిల్లని తోసినందుకు ఏడుస్తోంది. నాకు మాత్రం భయం లేదు బావా, పండితుడు ఉన్నాడు గదా. ఆయన ఇల్లు ఏ వీధిలో? తొందరగా రాయి.

గంగులు

*

నౌపడ,
8-4-1968

గంగులూ,

నాకు జ్వరం. చలిజ్వరం. రాలేను. ఈ అక్షరాలు వణుకుతున్నది అందుకే.

రథశర్మ గారు ఇప్పుడు ఊళ్ళో ఉండకపోవచ్చు. పూరీ వెళతానని అన్నట్టు గుర్తు. పూరీ నుంచి కాశీ. కాశీ నుంచి ఎక్కడికో చెప్పలేదు. పెద్దవాడు, ఎప్పుడేమవుతుందో. వీధి నాకు గుర్తు లేదు, సందు సందులన్నీ ఒకేలా ఉంటాయి అక్కడ. నాయుడు గారిని ఎలాగైనా ఆపు. ఎండలు ముదిరాయని చెప్పు. రైలు పట్టాలు బాగా లేవని చెప్పు. ఆ అమ్మాయి మాటకి ఆయన ఏం చేశాడు? ఆ పిల్లని ఏమన్నా అన్నాడా? అది ముందు రాయి.

పర్లాకిమిడి వైపు నుంచి చిన్న రైలు వచ్చినప్పుడల్లా నేను ఉప్పు గుట్టల వెనక్కి పోతున్నాను. మీ అప్ప అక్కడికే వచ్చి, "ఏటి, ఎవుడికి బాకీ ఉన్నావు?" అంది. ఎవరికీ లేనంటే నమ్మలేదు. జ్వరమైతే ఇంట్లో పడుకోక ఎండలో ఉప్పు మధ్య ఎందుకున్నావంది.

జగన్నాధం

*

కొయ్యవలస,
13-4-1968

నా పాలిటి దైవం బావకి గంగులు రాయునది.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అందేసరికి నాయుడు గారు వెళ్ళడమూ, తిరిగి రావడమూ రెండూ అయిపోయాయి.

వెళ్ళిన మర్నాడు సాయంత్రం దిగారు. నేరుగా రాట్నం దగ్గరికి వచ్చారు. ఆ మొహం చూసి పోతురాజు అప్పుడే మేకులు పీకే సుత్తి తీసి పక్కన పెట్టుకున్నాడు. ఊరంతా పోగైంది. కొందరు పెద్దలు అప్పటికే "పండితుడూ లేడు, ఏటీ లేడు, ఆ పిల్ల నోరు సూసినారా" అని గొణుగుతున్నారు. నాయుడు గారు కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పారు.

"సూసినాను. రథశర్మ గారు. శానా పెద్దాయన. తీర్పు సెప్పింది ఆయనే. ఈ గంగులుగాడి బావ తెచ్చింది తెచ్చినట్టే ఉన్నాది. ఎవుడికైనా అనుమానముంటే నాతో రండి, రైలు ఖర్చు నాది."

ఎవరూ వెళతామనలేదు బావా. నాయుడు గారితో ఎవరు వాదిస్తారు?

నువ్వు ఆయనకి ఎడమ చెవి వినపడదని రాశావు గదా. నాయుడు గారు మాత్రం కుడి చెవి అన్నారు. నువ్వు ఎదురుగా కూర్చుని చూసి ఉంటావు, అందుకే తిరగబడింది.

నీకు చెప్పని మాట ఒకటి పండితుడు నాయుడు గారికి చెప్పాడట. అది కూడా అందరి ముందూ చదివినట్టు చెప్పారు: "ఆకలికి కూడా వావి లేదంట. ఇంట్లో ఎవులికి ముందు ఆకలేస్తే ఆల్లు ముందు తినాలంట." ఆడవాళ్ళ వైపు నుంచి అందరూ ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఆ పిల్లని ఎవరూ ఏమీ అనలేదు. కూర్మమ్మ మజ్జిగ వంకన వాళ్ళింటికి వెళ్ళొచ్చింది. మిట్టమధ్యాహ్నం అవకుండానే నాయుడు గారు రచ్చ దగ్గర లేచి, మిగతావాళ్ళనీ లేపేసి, ఇంటికి వెళుతున్నారట. కోడలితో మాట్లాడరు, కోడలూ మాట్లాడదు, మామూలే. అయితే నీళ్ళ చెంబు ఆ పిల్ల పెట్టేలోపే "ముందు మీరంతా కానీండి" అని గోడకేసి చెప్పి, అరుగు మీదకి పోతున్నారట.

తీర్థం ఆఖరి మూడు రోజులూ ఒక్క తొట్టీ ఖాళీ లేదు. మావలూ కోడళ్ళూ, అత్తలూ అల్లుళ్ళూ, ఎవరు ముందొస్తే వాళ్ళు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వరస అయిపోయి, ఎక్కేవాళ్ళు లేక ఆఖరి తిప్పు మేమే ఎక్కాం, నేనూ కూర్మమ్మా. కూర్మమ్మ పైన ఏమందో నీకు రాయను.

జాగా మనదే బావా. ఈ యేడే కాదు, రాట్నం తిరిగినంత కాలం మనదేనని నాయుడు గారు అన్నారు. గుర్రాల రాట్నం వాడు నా దగ్గరకొచ్చి ఆ పండితుడి చిరునామా అడిగాడు.

నీ జ్వరం ఎలా ఉంది?

గంగులు

*

నౌపడ,
17-4-1968

ఒరే గంగులూ,

ఆశీర్వచనాలు తర్వాత. ముందు ఇది చదువు. పక్కన కూర్మమ్మ ఉంటే ఆవిణ్ణీ కూర్చోబెట్టుకో, ఇంకెవరూ వద్దు.

నీ ఉత్తరం ఐదుసార్లు చదివాను. కాటా దగ్గర బండ్లు ఆగిపోయాయి. "మేస్త్రీ, ఏటైంది, ఎవులైనా పోయినారా?" అన్నారు. ఈ వయసు వచ్చేదాకా ఎందరినో ఆటపట్టించాను. రైలు గార్డుని, పోస్టుమాస్టర్ని, మా మావని, నిన్ను. నన్నెవడూ ఇలా కూర్చోబెట్టలేదురా. మీసం మెలేసుకుని గోడలా కూర్చునే మనిషి, మొహంలో నవ్వన్నదే ఎరగని ఆ నాయుడు, నన్ను మించిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. మీ అప్ప ఎప్పట్లాగే గరిటె పట్టుకుని నిలబడింది. "నువ్వూ కూర్చో, ఆకలి వెయ్యటం లేదూ?" అన్నాను. కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏటి సేసినావు? ముందు అది సెప్పు" అంది. చాలాసేపటికి కూర్చుంది. కూర్చుని నాకంటే ముందు ముద్ద పెట్టుకుంది. అంత ఆకలి మీద ఉందని నాకేం తెలుసు? పెళ్ళైన ఇన్నేళ్ళలో అడిగితే గదా.

ఇక విను. నేను పర్లాకిమిడి వెళ్ళలేదు. ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇక్కడే కాటా దగ్గర ఉప్పు తూయిస్తున్నాను. సుద్దముక్క లేదు, పీట లేదు, చెవుడు లేదు. రథశర్మ అనే మనిషి పర్లాకిమిడిలో లేడు, పూరీలో లేడు, కాశీలో లేడు. మొదటినుంచి చివరి దాకా నేనే కల్పించాను.

కాని ఆకలికి వావి లేదన్న మాట మాత్రం నేను కల్పించింది కాదు.

నీ బావ,
జగన్నాధం